బుల్లమ్మ భుజంలో తేట నీళ్లు

చేపల బుల్లమ్మ అనకాపల్లిలోని గవరపాలెం వీధుల్లోకి వస్తుందంటే ఆమెకన్నా ముందు ఆమె గొంతు వస్తుంది. "కానాగంతలమ్మా, నెత్తళ్లమ్మా!" అని ఆమె వేసే కేకకి పిల్లులు గోడలు దిగుతాయి, ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వస్తారు. తెల్లారకుండా పూడిమడక ఒడ్డున పడవల దగ్గర వేలంపాటలో చేపలు కొని, ఇంకో నలుగురు ఆడవాళ్లతో ఆటో ఎక్కి, అచ్యుతాపురం మీదుగా ఆమె అనకాపల్లి చేరేసరికి ఎండ పొడుస్తుంది. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టిన తిరుగుడు, కూతురికి పెళ్లి చేసి ఎలమంచిలి పంపించాక కూడా మానలేదు. బేరంలో ఆమెని గెలిచినవాళ్లు ఆ వీధుల్లో లేరు. ఓడిపోయామని గ్రహించినవాళ్లు కూడా లేరు. అదీ ఆమె పనితనం.

తలమీది తట్ట దించాలన్నా, మళ్లీ ఎత్తాలన్నా రెండో మనిషి చెయ్యి కావాలి. చేపలు కొన్నా కొనకపోయినా, తట్ట దించిన గుమ్మంవాళ్లే మళ్లీ ఎత్తిపెట్టాలి. ఎవరు పెట్టారో తెలీదుగాని ఆ వీధుల్లో అదొక కట్టుబాటు. "ఓ సెయ్యెయ్యమ్మా" అని బుల్లమ్మ అనగానే ఇంటామె కొంగు దోపుకుని ఒక అంచు పట్టుకుంటుంది. బుల్లమ్మ రెండో అంచు పట్టుకుని, మోకాళ్లు వంచి, ఒక్క ఊపున లేచి నిలబడుతుంది. అక్కణ్ణించి ఎంత దూరమైనా సరే, ఆ తట్టని పట్టి ఉంచేది ఆమె కుడిచెయ్యే. ఆ చెయ్యి మీదే ఆమె సంసారం సగం నడిచింది.

పోయిన శీతాకాలం కుమారి ఇంటి గుమ్మం ముందు ఆ చెయ్యికి దెబ్బ తగిలింది. కుమారి బుల్లమ్మకి ఎన్నో ఏళ్ల వాడిక. అప్పుడే మెట్లు కడిగింది, తడి ఆరలేదు. బుల్లమ్మ కాలు జారింది. మనిషి పడుతున్నా తట్ట పడకూడదని కుడిచేత్తో గట్టిగా ఒడిసిపట్టింది. భుజంలో ఏదో పుటుక్కుమంది. ఒక్క చేప కూడా నేల మీద పడలేదు. పడనిచ్చినా బాగుండేది, నాలుగు నీళ్లతో కడిగితే పోయేది.

ఆ రోజు నుంచి బుల్లమ్మ తన జుట్టు తను ముడేసుకోలేకపోయింది. నూనెలు రాసింది, ఆకు కట్టింది, ఉప్పు కాపడం పెట్టింది. ఎడమచేత్తో తట్ట పట్టుకుని, మెడ ఒక పక్కకి వంచి, అలాగే తిరిగింది. తన మెట్టు మీదే ఇదంతా జరిగిందన్న బాధ కుమారి మనసులో ఉండిపోయింది. ఎండలు ముదిరాక ఇక ఊరుకోలేక, అనకాపల్లిలోనే ఉన్న ఎముకల ఆస్పత్రికి దగ్గరుండి తీసుకెళ్లింది.

డాక్టరు మహేశ్వరరావు స్కానింగు చూసి తన భుజం మీదే వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ ఎముకని పట్టుకుని ఉండే తాడులాంటి కండ తెగిపోయిందమ్మా. తెగిన కొస వెనక్కి జారుతోంది. ఆలస్యం చేస్తే లాగి కుడదామన్నా అందదు."

"కోసేత్తారా బాబూ?"

"పెద్దగా కొయ్యను. చిన్న కన్నాలు పెడతాను. ఒక దాంట్లోంచి కెమెరా, ఇంకో దాంట్లోంచి పనిముట్లు. భుజంలోకి ఉప్పునీళ్లు ఎక్కిస్తూ ఉంటాం. ఆ నీళ్లలోంచే నాకు లోపలంతా కనిపించాలి. నీళ్లు తేటగా ఉన్నంతసేపే నా పని. రక్తం కలిసిందంటే ఎరుపు తప్ప ఇంకేమీ కనపడదు."

బుల్లమ్మకి ఇందులో తెలియనిదేమీ కనిపించలేదు. "సముద్రం కలకబారితే మావోల్లకీ అంతే బాబూ, ఏటీ అగుపడదు" అంది.

పక్కనే మత్తు డాక్టరు ధనశ్రీ ఉంది. సన్నటి మనిషి, గొంతు మెత్తన. "అందుకే రక్తపోటు అదుపులో ఉండాలమ్మా. అది పెరిగితే లోపల రక్తం కారుతుంది, సారుకి కళ్లు కట్టేసినట్టవుతుంది. నీకు బీపీ ఉందా? మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

"ఏసుకుంతన్నానమ్మా" అంది బుల్లమ్మ. ఆ రోజుకి అది నిజమే. ఏ రోజుకి నిజం కాదో చెప్పాలంటే ముందు ఎర్రిబాబు సంగతి చెప్పాలి.

ఎర్రిబాబు బుల్లమ్మ మొగుడు, మేనమామ కొడుకు కూడా. సత్తియ్య పడవలో వేటకి వెళ్తాడు. రెండేళ్ల కింద ఒకసారి ఒడ్డున వల దులుపుతూ తూలాడు. ఎండ అన్నాడు. ఇంకోసారి తూలాడు. నిద్ర చాల్లేదన్నాడు. బుల్లమ్మకి బీపీ ఉందని బయటపడింది అచ్చం ఇలాంటి తూలుతోనే. ఊరి ఆస్పత్రి నర్సమ్మ చేతికి పట్టీ కట్టి చూసి, నెలనెలా మాత్రల షీటు ఇస్తోంది. మొగుడికీ అదే జబ్బని బుల్లమ్మ తేల్చేసుకుంది. చూపించుకోమంటే అతను ఇంతెత్తున లేచాడు. కళ్లు తిరిగే మనిషిని ఏ పడవవాడూ ఎక్కించుకోడు. ఆస్పత్రిలో పుట్టిన మాట పొద్దుగూకేలోగా ఒడ్డంతా తిరిగొస్తుంది. వేట తప్ప ఎర్రిబాబుకి ఇంకో పని రాదు, ఇంకో పని చెయ్యాలన్న కోరికా లేదు.

అందుకని బుల్లమ్మ తనకి తోచిన వైద్యం తను చేసింది. మొగుడు వేటకి వెళ్లే రోజున, తన మాత్రని చేపలు కోసే కత్తిపీట మీద పెట్టి రెండు ముక్కలు చేసేది. ఒకటి తను వేసుకునేది. రెండోది, "బలం మాత్ర మావా, డాకటరు రాసిచ్చేడు" అని అతని నాలుక మీద పెట్టేది. అతను ఇంటి పట్టున ఉన్న రోజు నిండు మాత్ర తనే మింగేది. నేల మీద కళ్లు తిరిగితే కూలబడొచ్చు, పడవ మీద తిరిగితే పట్టుకునేదెవరు అన్నది ఆమె లెక్క. అదేదో త్యాగమని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఒక్క చేప వేయిస్తే తల ఒకరికి, తోక ఒకరికి పంచుకుని తిన్న సంసారం. ఉన్నది పంచుకోవడం అలవాటైన మనిషికి, జబ్బు కూడా చెరి సగం నయమవుతుందని అనిపించడంలో వింతేముంది?

ఆస్పత్రికి వెళ్లేనాటికి, ఏటా ఎండాకాలంలో సర్కారు పెట్టే వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డు మీద బోర్లించి ఉన్నాయి, ఎర్రిబాబు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. రోజూ నిండు మాత్ర పడుతోంది కాబట్టి బుల్లమ్మ బీపీ బుద్ధిగా ఉంది. పరీక్షలన్నీ బాగున్నాయని ఆపరేషన్‌కి రోజు ఇచ్చారు. ఈలోగా నిషేధం ముగిసింది, పడవలు నీళ్లలోకి దిగాయి, మాత్ర మళ్లీ కత్తిపీట ఎక్కింది.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మ చెప్పినట్టే గుక్కెడు నీళ్లతో నిండు మాత్ర మింగింది. అన్ని రోజుల సగాలకీ ఆ ఒక్క పూట నిండు ఏం సరిపోతుంది?

మెలకువ వచ్చేసరికి ఎర్రిబాబు మొహం కనిపించింది. భుజం ఉబ్బి బరువుగా ఉంది. "కుట్టనేదంట బుల్లీ" అన్నాడతను.

మహేశ్వరరావు స్వయంగా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "కెమెరా పెట్టి తెగిన కొస దగ్గరికి వెళ్లేసరికి నీ బీపీ లేచిందమ్మా. నీళ్లలో రక్తం కలిసింది. నీళ్ల ఒత్తిడి పెంచాం, రక్తం ఆగడానికి మందు కలిపాం, కారుతున్న చోటు కాల్చాం. డాక్టరమ్మ బీపీ దించాలని ఎంతో చూసింది. కాసేపు తేటపడటం, మళ్లీ ఎర్రబడటం. ఇంకా నీళ్లు ఎక్కిస్తే భుజం ఉబ్బి అసలుకే మోసం. కనపడకుండా కుట్టడం నాకు చేతకాదు. చెయ్యకూడదు కూడా." తన ఫోన్లో ఆ వీడియో చూపించాడు. వరదొచ్చినప్పటి శారదా నదిలా ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి, అంతే. దాంట్లో భుజమూ లేదు, తాడూ లేదు.

"ఇదేనా బాబూ నా బుజం?" అంది బుల్లమ్మ. ఆ ఎరుపులో కళ్లు చించుకుని ఎంతసేపు వెతికాడో ఈ బాబు అని ఆమెకి జాలేసింది. ఆ వెనకే, చేసింది నేనే కదా అనిపించింది.

ధనశ్రీ వచ్చి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. "మాత్ర రోజూ వేసుకుంటున్నావు కదమ్మా? నిజం చెప్పు."

ఎర్రిబాబు ఎదురుగా నిలబడి ఉన్నాడు. "ఏసుకుంతన్నానమ్మా" అంది బుల్లమ్మ, దుప్పటి అంచు చూస్తూ.

"అయితే ఆ మాత్ర నీకు చాలట్లేదు. ఇంకా గట్టిది రాస్తాను. ఇది నువ్వు తప్ప ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు, కళ్లు తిరిగి పడిపోతారు. వాపు తగ్గాక ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం. అప్పుడూ ఇలాగే అయితే ఆ కొస ఇక అందదమ్మా. చెయ్యి పైకి లేవదు."

ఇంటికొచ్చిన కొన్నాళ్లకి ఎర్రిబాబు మళ్లీ వేటకి బయల్దేరిన పొద్దు, బుల్లమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. కొత్త మాత్ర అరచేతిలో ఉంది. కోసి సగం అతనికి పెడితే, గట్టి మందు, పడవ మీద పడిపోతాడేమో. పెట్టకపోతే ఆ జబ్బే పడేస్తుందేమో. తను సగమే వేసుకుంటే చెయ్యి పోతుంది. డాక్టరమ్మకి ఉన్నది ఉన్నట్టు చెబితే అతన్ని పడవ దించేస్తారు. ఎటు తిప్పినా కొయ్యాల్సిందే, ఏది కొయ్యాలో తెలియదు. కళ్లనీళ్లు ధారగా కారుతుంటే తుడుచుకోవడానికి కుడిచెయ్యి లేవలేదు. అది చూసుకుని ఇంకా ఏడ్చింది.

అన్నం క్యారేజీ కోసం లోపలికొచ్చిన ఎర్రిబాబు అలాగే నిలబడిపోయాడు. "ఏటయ్యిందే?"

"మావా, నీకు పెడతన్నది బలం మాత్ర కాదు. నా బీపీ మాత్ర. నువ్వు ఏటకెల్లిన రోజల్లా సగం నీకు, సగం నాకు. అందుకే నా బుజం ఎర్రబడిపోనాది. ఇప్పుడీ కొత్తది నీకు పెట్టకూడదంట. నానేటి సేసేది?"

ఎర్రిబాబు క్యారేజీ కింద పెట్టాడు. తువ్వాలు తలకి చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. "కోప్పడనంటే ఓ మాట సెప్తాను" అన్నాడు చివరికి.

"సెప్పు."

"నానది మింగితే కదా!"

బుల్లమ్మకి అర్థం కాలేదు.

"అది మింగిన కాణ్ణించి ఒకటే ఒంటేలు. పడవ మీద గడేగడేకి లేత్తావుంటే సత్తియ్య మావ నవ్వుతాడు. రెండు రోజులు సూసేను. అప్పట్నించీ నాలిక కింద ఎట్టుకోడం, కెరటాలు దాటేక ఉమ్మేడం."

"ఎక్కడ?"

"సముద్రంలోనే మరి."

"రెండేళ్లూనా?"

"నువ్వు పేమగా పెడతన్నావు. వద్దంటే బాదపడతావని..."

బుల్లమ్మ ఎడమచేత్తో అందినచోటల్లా కొట్టింది. కుడిచెయ్యి బాగుంటే ఆ రోజు ఎర్రిబాబు గతి వేరుగా ఉండేది. అతను తప్పించుకోకుండా నిలబడి అన్నీ తిన్నాడు. "ఊరుకోవే, సముద్రానికైనా బీపీ తగ్గుంటాది" అన్నాడు. నవ్వకూడదనుకుంటూనే బుల్లమ్మ ఏడుపులోంచి ఫక్కున నవ్వేసింది. అతనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆమె భుజం మీది కట్టు వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"అయితే నాను ఉమ్మేసింది నీ సెయ్యే కదే" అన్నాడు.

అంతటి మనిషీ కత్తిపీట పక్కన చతికిలబడి, తువ్వాల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఏడవగా ఆమె చూడలేదు. ఆమె కోపమంతా అక్కడే కరిగిపోయింది. ఇంత పిచ్చి మనిషిని ఎంత ప్రేమిస్తోందో ఆ పూటే తెలిసొచ్చినట్టు, అతని తల నిమురుతూ కూర్చుంది.

ఆ రోజు పడవ ఎర్రిబాబు లేకుండానే వెళ్లింది. ఇద్దరూ అనకాపల్లి ఆటో ఎక్కారు. బుల్లమ్మ నోరు తెరవకముందే ఎర్రిబాబే డాక్టరమ్మకి అంతా చెప్పేశాడు, ఉమ్మేసిన సంగతితో సహా. ధనశ్రీ పెదవి బిగపట్టుకుంది, కోపంతోనో నవ్వుతోనో తెలీదు. "ఆ చెయ్యి ఇలా ఇవ్వండి" అని అతనికి పట్టీ కట్టింది. బీపీ బుల్లమ్మకన్నా ఎక్కువే ఉంది.

"మీ ఆవిడ అనుమానం నిజమే. వైద్యమే తప్పు" అంది. "ఎవరి మాత్ర వాళ్లదేనమ్మా. ఇది పంచుకునేది కాదు. మీకు మాటిమాటికీ లేవాల్సిన పని లేని మందు రాస్తాను. కొన్నాళ్లు వేసుకుని, మళ్లీ నాకు చూపించాకే పడవెక్కాలి."

సత్తియ్యకి కూడా ఎర్రిబాబు తనే చెప్పాడు. బుల్లమ్మ దూరంగా నిలబడి చూసింది. అంత భయం ఆమెకి ఆపరేషన్ బల్ల మీద కూడా వెయ్యలేదు. సత్తియ్య అంతా విని, "డాకటరమ్మ సరే అన్నాకే రా. వచ్చేక వల కాడ వద్దు, ఇంజను కాడ కూకో" అన్నాడు. నన్ను ముసలోణ్ణి చేసేశారని ఎర్రిబాబు రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. డాక్టరమ్మ సరేనన్న మర్నాడే పోయి ఇంజను దగ్గర కూర్చున్నాడు.

రెండోసారి బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ధనశ్రీ బీపీ అంకె చూసి బుల్లమ్మ చెంప తట్టింది. "వేసుకున్నావా?"

"నిండుగానమ్మా. రోజూ నిండుగానే."

"అయితే నిశ్చింతగా నిద్రపో."

ఈసారి మెలకువ వచ్చేసరికి ఎర్రిబాబు మొహం వెలిగిపోతోంది. సాయంత్రం మహేశ్వరరావు మళ్లీ ఫోన్ తెచ్చాడు. తెరంతా తేట నీళ్లు. అటూ ఇటూ తెల్లటి గోడలు, మధ్యలో తెగిన కొస, దాన్ని లాగి ఎముకకి బిగిస్తున్న దారాలు. ఒక మూల సన్నగా ఎర్రటి పొగలాంటిది లేచింది, మరుక్షణం నీళ్లతో కొట్టుకుపోయింది. "ఇంత తేటగా దొరకడం నా అదృష్టమమ్మా. ఒక్క కుట్టు కూడా గుడ్డిగా వెయ్యలేదు" అన్నాడు డాక్టరు. గట్టి మనిషనుకున్నవాడి గొంతులో సంతోషం దాగలేదు.

తన లోపల ఇంత శుభ్రంగా, ఇంత తెల్లగా ఉంటుందని బుల్లమ్మకి తెలియదు. మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది. ఎర్రిబాబు ఫోన్ మీదకి వంగి, "ముడి బాగానే ఏసేరు బాబూ, ఊడదు" అని తీర్పు చెప్పాడు.

ఆ తరవాత చెయ్యి చాలాకాలం మెడకి కట్టిన జోలెలోనే ఉంది. ఒంటి చేత్తో షీటులోంచి మాత్ర తియ్యడం కుదరదు కాబట్టి ఆ పని ఎర్రిబాబుకి పడింది. పొద్దున్నే రెండు షీట్లు పట్టుకుని వచ్చేవాడు. ఆమెది ఆమె చేతిలో పెట్టి, తనది నోట్లో వేసుకునేవాడు. బుల్లమ్మ వదిలేదా? రెండేళ్లు మోసపోయిన మనిషి. "నోరు తెరు" అనేది. ఫోన్ లైటు వేసి బుగ్గలు రెండూ చూసేది. "నాలికెత్తు" అనేది. ఎర్రిబాబు బడిపిల్లాడిలా నాలుకెత్తేవాడు. చూశాకగాని అతన్ని గుమ్మం దాటనిచ్చేది కాదు.

జోలె తీసేశాక గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లని గోడ మీద మెల్లగా పైకి పాకించమన్నారు. మొదట్లో చెయ్యి నడుం దాటేది కాదు. కుమారి ఒకసారి పూడిమడక దాకా వచ్చి చూసి, "నువ్వు లేక మా వీధి పిల్లులు చిక్కిపోయాయే" అని బెంగగా చెప్పింది. బుల్లమ్మ ఆ మాట తలుచుకుని ఇంకో వేలు పైకి పాకించింది. నొప్పికి కళ్లు చెమర్చేవి. ఆపేది కాదు.

ఒకరోజు తెల్లవారుతుండగా ఎర్రిబాబు మాత్ర వేసుకోకుండానే ఒడ్డుకి వెళ్లిపోయాడు. బుల్లమ్మ షీటూ, ఫోనూ, నీళ్ల సీసా పట్టుకుని ఇసకలో వెనకే వెళ్లింది. పడవ నీళ్లలోకి తోస్తున్నారు. అందరి ముందూ అతన్ని ఆపి మాత్ర వేయించింది.

"మింగేను" అన్నాడు ఎర్రిబాబు, సిగ్గుతో చచ్చిపోతూ.

"సూడందే నమ్మను. నాలికెత్తు."

ఎడమచేత్తో లైటు వేసింది. అతను తల వంచేసుకుంటుంటే, గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం పైకెత్తింది. నాలుక కింద చూసింది. ఏమీ లేదు. అయినా ఎర్రిబాబు కదల్లేదు, నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు నిండాయి.

"బుల్లీ, నీ సెయ్యి" అన్నాడు.

బుల్లమ్మ అప్పుడు చూసుకుంది. అతని గడ్డం కింద ఉన్నది కుడిచెయ్యి. ఆమె ఎత్తాలని ఎత్తలేదు, అదే లేచింది.

"దించు, నెప్పెడతాది" అన్నాడు.

"ఉండనీ మావా" అంది.

పడవలోంచి సత్తియ్య రెండుసార్లు కేకేశాడు.